వెన్నుపాము దెబ్బ – తప్పిన తూకము, మరల నిలుచుట
(ప్రసంగ పాఠము)



మాకవరపాలెము పరిసరములలో తాటిచెట్టు నెరుగని బిడ్డ లేడు. చెట్టెక్కి కల్లు దించువాని కున్న ఆధారమెల్ల ఒక మోకు. ఆ మోకు తెగినను, వానకు తడిసిన మ్రానుపై కాలు జారినను, నలుబది యేబది అడుగుల ఎత్తునుండి మనిషి నేలకు వచ్చును. ప్రాణము దక్కినచో చేతులు కాళ్లు విరిగినవని ఇంటివారు విలపింతురు. విరిగిన చేయి అతుకుకొనును. కాని కొందరికి చేతులు కాళ్లు చెక్కుచెదరక యుండియు కాళ్లలో కదలిక యుండదు, గిల్లినను తెలియదు. అప్పుడు దెబ్బ తగిలినది కాళ్లకు కాదు, వెన్నుపామునకు.

తాటిచెట్టే కానక్కరలేదు. మామిడికొమ్మ విరిగి పడినవాడు, పరంజానుండి జారిన తాపీ కూలి, నర్సీపట్నము రహదారిపై మోటారు సైకిలుతో బోల్తాపడిన యువకుడు, వీరందరును ఈ కోవలోని వారే. ఈ దేశములో వెన్నుపాము దెబ్బలకు ముఖ్య కారణములు రెండు: ఎత్తునుండి పడుట, రహదారి ప్రమాదము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించిన నివేదిక ననుసరించి ఏటేట రెండున్నర లక్షలనుండి ఐదు లక్షల వరకు మనుష్యులు ఈ దెబ్బకు గురియగుచున్నారు. వారిలో పెక్కుమంది పనిచేసి కుటుంబమును పోషించు వయసువారు.

వెన్నుపామనగా నేమి? వెన్నెముక 33 పూసల దండ. ఆ పూసల నడుమనున్న గొట్టమువంటి సందులో మెదడునుండి క్రిందికి దిగివచ్చు మెత్తని త్రాడే వెన్నుపాము. అది చిటికెన వ్రేలి లావున నుండి, నడుము మొదటి రెండు పూసలకడనే ముగియును. దానినుండి 31 జతల నాడులు బయలుదేరి దేహమంతట వ్యాపించును. కదలుమను ఆజ్ఞ దీనిగుండ క్రిందికి పోవును; వేడి, చలి, నొప్పి, పాదము ఎక్కడ మోపబడినదను వార్త దీనిగుండ పైకి వచ్చును. మెడకడ దెబ్బ తగిలిన చేతులు కాళ్లు రెండును పడిపోవును. నడుముకడ తగిలిన కాళ్లు మాత్రమే. మలమూత్రములపై అదుపు రెండింటను చెడవచ్చును. ఈ చివరి సంగతిని సిగ్గుపడి ఎవ్వరును చెప్పరు. కాని రోగి ప్రాణమునకు ముప్పు తెచ్చునది తరచుగా ఇదియే.

పడిన మనిషిని లేవనెత్తు తీరులోనే సగము భవిష్యత్తున్నది. నలుగురు పరుగున వచ్చి, ఇద్దరు చంకలు, ఇద్దరు కాళ్లు పట్టి ఎత్తి, ఆటోలో కూర్చుండబెట్టుట పల్లెలలో నిత్యము జరుగు పని. వారి మనసు మంచిదే. కాని విరిగిన పూస అంచు ఆ కుదుపులో వెన్నుపామును నొక్కి, అంతవరకు సగమే చెడినదానిని పూర్తిగా చెరచవచ్చును. తల, మెడ, మొండెము ఒకే వరుసలో నుండునట్లు దుంగను దొర్లించినట్లుగా కదలించి, గట్టి బల్లపై గాని ఊడదీసిన తలుపు రెక్కపై గాని పరుండబెట్టవలెను. కుంగిపోవు నవారు మంచము పనికిరాదు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములో మొదలైన 108 వాహనము వచ్చువరకు రోగిని కదపకుండుటయే ఉత్తమము.

సుమారు 3,600 ఏండ్లనాటి ఈజిప్టు వైద్య పత్రమొకటి ఈ దెబ్బను వర్ణించి, ఇది చికిత్స చేయదగిన రోగము కాదని తేల్చినది. ఇరువదవ శతాబ్దమున సైతము మొదటి ప్రపంచ యుద్ధములో వెన్నుపాము చెడిన సైనికులలో అత్యధికులు కొలది కాలమునకే మరణించిరి. వారిని చంపినది వెన్నుపాము కాదు. కదలక పడియున్నందున పిరుదులపైనను మడమలపైనను ఏర్పడిన పుండ్లు, మూత్రాశయములో చేరిన చీము. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో, జర్మనీనుండి శరణార్థిగా వచ్చిన లుడ్విగ్ గట్‌మన్ అను నాడీవైద్యుడు ఇట్టివారికై ప్రత్యేక విభాగమును తెరచెను. రోగిని పగలు రాత్రి రెండేసి గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పుడనెను. మందు కాదు, యంత్రము కాదు. నిద్ర మాని త్రిప్పు చేతులు. తరువాత వారికి పని నేర్పెను, ఆట నేర్పెను. 1948 జూలై 29న చక్రాల కుర్చీలలో కూర్చుండి 16 మంది విలువిద్యా పోటీలో పాల్గొనిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు బీజము ఆ పోటీయే.

ఈ విద్య భారతదేశమునకు వచ్చిన కథ చిత్తూరు సరిహద్దుకు చేరువలోనే జరిగినది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలుండెను. 1954 జనవరిలో తోటి వైద్యులతో ప్రయాణించుచున్న బండి బోల్తాపడగా ఆమె వెన్నుపాము చెడి, నడుము క్రిందిభాగము చచ్చుబడెను. ముఖమునకును గాయములు తగిలెను. శస్త్రవైద్యురాలు కావలెనని కలలుగన్న స్త్రీకి ఇక నిలువబడుటయే లేదు. అదే కళాశాలలో కుష్ఠురోగుల చేతులను శస్త్రచికిత్సచే సరిదిద్దుచుండిన పాల్ బ్రాండ్, కూర్చుండియే ఆ పని చేయవచ్చునని ఆమెకు తోవ చూపెను. చక్రాల కుర్చీలో కూర్చుండి ఆమె వంకరపోయిన వ్రేళ్లను సరిచేసెను. ఆమెను చూచిన రోగులకు వేరు బోధ అవసరము లేకపోయినది. పిమ్మట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున తాను చికిత్స పొంది, న్యూయార్కులో హోవర్డ్ రస్క్ కడ పునరావాస వైద్యమును అభ్యసించి, తిరిగివచ్చి వేలూరులో ఆ శాఖకు అధిపతి యయ్యెను. 1966లో అక్కడ పునరావాస కేంద్రము వెలసినది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చినది. 1986లో ఆమె కన్నుమూసెను. తెలుగు జిల్లాలనుండి వేలూరునకు వెళ్లు రోగులకు లెక్క లేదు. మంచముమీదినుండి కుర్చీలోనికి మారుట, పుండు పడకుండ చూచుకొనుట, మూత్రమును వేళకు వెడలించుకొనుట, ఇంటి పని, వృత్తి పని, ఇవన్నియు అట్టి కేంద్రములలో పాఠములు. రోగితో కూడ ఇంటివారును ఆ పాఠములు నేర్వవలెను.

దెబ్బ అందరికి ఒక్కటిగా తగలదు. కొందరికి త్రాడు పూర్తిగా చెడును. కొందరికి కొన్ని పోగులు మిగులును. పోగులు మిగిలినవారు కొన్ని నెలల సాధనతో చంకకర్రలపైననో, ఊతకర్రతోనో నడువగలుగుదురు. చూచువారు ఇక కష్టము తీరినదని తలతురు. నిజమునకు మరియొక కష్టము అప్పుడే మొదలగును. అది పడిపోవుట.

మనిషి నిలువబడుటకు మూడు సాక్ష్యములు కావలెను: కన్ను, లోచెవి, పాదములనుండియు కీళ్లనుండియు వచ్చు స్పర్శ. ఆరోగ్యవంతుడు చీకటిలో పొలముగట్టుపై నడచినను పాదమే గట్టు అంచును తెలుపును. వెన్నుపాము చెడినవానికి ఆ మూడవ సాక్ష్యము మూగవోవును. అతడు కంటితో నేలను చూచుచు నడచును. కన్నులు మూయుమనిన ఊగిపోవును, దీపమారిన పడును. పగలెల్ల బాగుగ నడచినవాడు రాత్రి పెరటిలోనికి పోవుచు పడుటకు కారణమిదే. ఇది అజాగ్రత్త యని కోపపడుట న్యాయము కాదు.

ఈ పడుటను గురించి ఇటీవల విస్తారముగ పరిశోధన జరిగినది. కెనడాలోని టొరంటో పరిశోధకులు 2019లో అనేక అధ్యయనములను కూర్చి చూడగా, వెన్నుపాము దెబ్బ తగిలి నడువగలవారిలో నాలుగింట మూడువంతులకు పైగా, చక్రాల కుర్చీలో నుండువారిలో మూడింట రెండువంతులకు పైగా, ఏడాదిలోపల ఒక్కమారైనను పడుచున్నారని తేలినది. కుర్చీలో కూర్చున్నవాడు పడడను నమ్మకము తప్పు. కుర్చీనుండి మంచమునకు మారునపుడు, గుంటలో చక్రము దిగినపుడు, క్రిందనున్న వస్తువుకై వంగినపుడు అతడును పడును. నడువగలుగుటయే రక్షణ కాదనుటయు ఇందువలన స్పష్టము.

తూకమును కొలుచుటకు 14 చిన్న పనుల పరీక్ష యొకటి 1989 ప్రాంతమున కెనడాలోనే రూపొందినది. కూర్చుండి లేచుట, కన్నులు మూసి నిలుచుట, క్రిందిది తీయుట, ఒంటికాలిపై నిలుచుట మొదలగు వానికి పనికి నాలుగు చొప్పున మొత్తము 56 మార్కులు. ఖరీదైన పరికరమేదియు అక్కరలేదు. అయితే దీనిలో పూర్తి మార్కులు తెచ్చుకొనినవాడును వీధిలో పడవచ్చును. పరీక్షలో నేల చదును. వీధి చదును కాదు. తెలిసి తెలిసి అడుగు వేయుట ఒకటి, ఎవరో తగిలినపుడు తటాలున అడుగు వేసి నిలద్రొక్కుకొనుట మరియొకటి. అందుచే రోగి నడుమునకు పట్టీ కట్టి, పైనుండి త్రాటి ఆధారమిచ్చి, చెప్పకుండ ప్రక్కకు నెట్టి తట్టుకొనుట నేర్పు పద్ధతిని పరీక్షించిరి. టొరంటోలో కొద్దిమందితో జరిగిన పరీక్షలో ఈ పద్ధతికిని, శ్రద్ధగా చేయించిన సాధారణ తూకపు సాధనకును నడుమ పెద్ద భేదము కనబడలేదు. తెరపై చుక్కను చూచుచు దేహమును అటునిటు ఒరగించి దానిని కదపు సాధన కూడ కలదు. పిల్లల ఆటవలె నుండును, కాని వయసు మళ్లినవారును ఇష్టముగ చేయుదురు.

ఖరీదైన యంత్రము లేనిదే ప్రయోజనము లేదని నిరాశపడువారికి 2006లో వెలువడిన అమెరికా, కెనడా పరీక్షను చెప్పవలెను. కొత్తగా దెబ్బ తగిలిన నూరుగురికి మించి రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును పైనుండి వ్రేలాడగట్టి కదలుచున్న పట్టాపై నడిపించిరి. రెండవ జట్టును నేలమీదనే నడిపించిరి. ఫలితమున రెండు జట్లును సమానముగ నుండెను. యంత్రము కొనజాలని ఊరికి ఇంతకు మించిన శుభవార్త ఏమున్నది? కావలసినది తెలిసిన శిక్షకుడు, నడుచుటకు చోటు, నెలల తరబడి విడువని ఓపిక. ఈ మూడింటిలో మొదటిదే పల్లెలకు కరవు. పట్టణపు ఆస్పత్రినుండి ఇంటికి పంపబడిన రోగి వ్యాయామము ఇంటికడ ఆగిపోవుటయే సామాన్యముగ జరుగుచున్నది.

మరియొక సంగతి. చచ్చుబడిన కాళ్ల యెముకలు మొదటి రెండు మూడేండ్లలోనే పలుచబడును, ముఖ్యముగ మోకాలి చుట్టు. చిన్నగా పడినను, ఒక్కొక్కప్పుడు మంచమునకు మారుచు కాలు మడతపడినను విరుగును. నొప్పి తెలియదు గనుక విరిగినట్లు రోగికే తెలియదు. కాలు వాచి, వెచ్చబడి, ఎఱ్ఱనైన తైలము రుద్ది పట్టు వేయక వైద్యునికి చూపవలెను.

పడుదునను భయము పడుటకంటె తక్కువ కీడు చేయదు. ఒకమారు పడినవాడు బయటకు రాడు. రాక కండ బలము పోగొట్టుకొనును. బలము పోగా మరల పడును. ఇంటివారు ప్రేమతో “నీవు కదలకుము” అనిన ఆ ప్రేమయే సంకెల యగును. అందుకే మంచి కేంద్రములలో పడకుండుటతోపాటు, పడిన పిమ్మట ఒంటరిగ నేలమీదినుండి లేచు విధమును గూడ నేర్పుదురు. ఇంట చేయదగిన పనులు అల్పములు: స్నానపు తావున పాచి తీసి గరుకు రాయి వేయుట, మరుగుదొడ్డిలో గోడకు కమ్మి బిగించుట, రాత్రి చిన్న దీపము, గదుల మధ్య గడప తొలగించుట. గడప తీయుట అశుభమని పెద్దలు సందేహింతురు. వీధి గడప నుండనిచ్చి లోపలివి తీయవచ్చును.

చెట్టుకడకు మరల వత్తము. పడినవానిని లేపుటకంటె పడకుండ ఆపుట సులభము. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేరున గీత కార్మికులకు నడుముపట్టీ, త్రాళ్లు గల సామగ్రి నిచ్చుట ప్రారంభించినది. కొండలెక్కువారు వాడు సూత్రమే తాటిచెట్టునకు దిగినది. మొదట ఎక్కుట మందగించుననియు, చెట్లు తగ్గిన కూలి తగ్గుననియు ఎక్కువాడు సందేహించుట సహజము. ఆ సందేహమును త్రోసిపుచ్చరాదు. మండలమునకు ఒక నేర్పరి కొన్ని దినములు తోడుగ నెక్కి చూపినగాని మోకునకు అలవాటుపడిన చేయి మారదు.

చక్రాల కుర్చీలోనున్న యువకునికి చదువు పోలేదు, ఆసక్తి పోలేదు. పుస్తకాలయపు మెట్లే అడ్డము. నేలనుండి ఒక అడుగు ఎత్తున్న అరుగునకు పన్నెండడుగుల పొడవున వాలుబాట కావలెను. అంతకు పొట్టిదైన కుర్చీ వెనుకకు తిరగబడును. ఇరువైపుల పట్టుకొనుటకు కమ్మి, మూడడుగుల వెడల్పు వాకిలి, లోపల కుర్చీ త్రిప్పుకొనుటకు ఐదడుగుల చోటు. పై అరలోని పుస్తకమును ఎవరైన అందింతురు.