మామూలు మనుషుల లినక్స్



మా శిక్షణ గదిలో ఉన్నవన్నీ దాతలిచ్చిన పాత కంప్యూటర్లే. వాటిలో లినక్స్ వేద్దామనుకున్నప్పుడు, "అది ఇంజనీర్లకేగానీ మనవాళ్లకు ఎక్కడ వస్తుంది?" అని మాలోనే కొందరు వెనక్కి లాగారు. వాళ్ల మాట ఒకప్పుడు నిజమే. హార్డ్ డిస్క్‌ను ఎన్ని భాగాలు చేయాలో మనమే తేల్చుకోవాలి. ఒక సాఫ్ట్‌వేర్ కావాలంటే దానికి అవసరమైన మరో నాలుగింటిని వెతకాల్సి వచ్చేది.

దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ చొరవతో 2004 అక్టోబరులో ఉబుంటు వచ్చింది. అది అప్పటికే ఉన్న డెబియన్ మీద కట్టినదే. కానీ మామూలు మనిషిని తికమకపెట్టే చాలా ప్రశ్నలకు తయారుచేసినవాళ్లే జవాబు చెప్పేశారు. మొత్తం ఒక్క సీడీలో ఇమిడింది. బ్రౌజర్ ఒకటి, ఉత్తరాలు రాసుకునే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఒకటి. రూట్‌కు వేరే పాస్‌వర్డ్ లేదు. సిస్టమ్‌లో మార్పు చేసేటప్పుడు మన పాస్‌వర్డే అడుగుతుంది. అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు, పోస్టు ఖర్చు కూడా వాళ్లదే.

మాకు అన్నిటికంటే పనికొచ్చింది లైవ్ సీడీ. మా దగ్గరికి వచ్చేవాళ్లకు తెలివి తక్కువై కాదు, "నేను ముట్టుకుంటే పాడైపోతుందేమో" అన్న భయంతో చెయ్యి ముందుకు రాదు. సీడీ పెట్టి ఆన్ చేస్తే లినక్స్ నడుస్తుంది, తీసేసి మళ్లీ ఆన్ చేస్తే పాతదే వస్తుంది. ఇది కళ్లతో చూశాక చాలామందికి మౌస్ పట్టుకునే ధైర్యం వచ్చింది.

తెలుగు మెనూలూ పెట్టి చూశాం. 'దస్త్రం' దగ్గర పిల్లలు ఆగిపోయారు, వాళ్లకు తెలిసింది 'ఫైల్'. కచేరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన మాత్రం హాయిగా నవ్వుకున్నారు.

ఉబుంటువాళ్లూ పొరబడ్డారని మా అభిప్రాయం. 2010లో కిటికీ మూసే బటన్‌ను కుడి నుంచి ఎడమకు జరిపారు. 2011లో యూనిటీ పేరుతో తెర రూపమే మార్చేశారు. 2017లో దాన్ని వదిలి గ్నోమ్‌కు తిరిగొచ్చారు.

అయితే మేమూ తక్కువ తినలేదు. యూనిటీ వచ్చిన ఏడాది, ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి అన్నిటిలో కొత్త వెర్షన్ వేశాం. అర్జీలు టైప్ చేయడం నేర్చుకుంటున్న ఒక అక్క పొద్దున వచ్చి, "నా కంప్యూటర్ ఏదీ?" అని అడిగింది. ఎక్కడ ఏది నొక్కాలో ఆమె నోట్‌బుక్‌లో బొమ్మలు వేసుకుంది. అవన్నీ కొట్టేసి మళ్లీ వేసుకోవడానికి రెండు వారాలు పట్టింది. అప్పటినుంచి కొత్త వెర్షన్ వేసేముందు ఆమె నోట్‌బుక్ అడిగి చూస్తున్నాం.