సేద్యానికి అంకెల చదువు

(ప్లాటినం జూబిలీ సభలో పాఠశాల ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల గతచరిత్రను పెద్దలు విపులంగా ముచ్చటించారు. నాకు కేటాయించిన కొద్ది సమయాన్ని ఉన్నత పాఠశాల దాటిపోబోయే పిల్లల కోసం వినియోగించుకోవడానికి అనుమతి కోరుతున్నాను. నేను ప్రస్తావించదలచిన విషయం విశ్వవిద్యాలయాలలో వ్యవసాయ సాంకేతిక విద్య. ముఖ్యంగా, కొలతలను, లెక్కలను ఆధారం చేసుకొని సాగే నేటి సేద్యానికి సంబంధించిన చదువు.

బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ కాలంలోనే తుంగభద్ర నీరు కాలువలకెక్కింది. కృష్ణా గోదావరి మండలాల నుండి తరలివచ్చిన రైతులు సిరుగుప్ప, కంప్లి, సింధనూరు, గంగావతి ప్రాంతాలలో క్యాంపులు వేసుకొని మెట్టభూములను మాగాణులుగా మార్చారు. ఈ సభలో కూర్చున్నవారిలో అనేకులు వారి సంతతివారే. అటువంటి కుటుంబాలలోనే నేడు "మేము మట్టిలో పడ్డ కష్టం చాలు, మా పిల్లవాడు కంప్యూటరు చదువే చదవాలి" అనే మాట తరచుగా వినబడుతున్నది. ఆ మాటలోని బాధ నాకు తెలియనిది కాదు. అయితే కంప్యూటరు పొలంలోకి వచ్చి కూర్చున్న సంగతిని మాత్రం వారు గమనించవలసి ఉన్నది.

ఒక్క ఉదాహరణ మనవి చేస్తాను. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం 2016లో ప్రారంభమైంది. నష్టపరిహారం నిర్ణయించడానికి ఎంపిక చేసిన మళ్లలో పంటకోసి తూచి దిగుబడిని లెక్కగట్టడం ఆనవాయితీ. 2023 ఖరీఫు నుండి వరికి, గోధుమకు ఉపగ్రహ చిత్రాలు మొదలైన సాంకేతిక సాధనాల ద్వారా అంచనా వేసిన దిగుబడికి కనీసం 30 శాతం ప్రాధాన్యమివ్వాలనే పద్ధతి ప్రవేశించింది. అనగా, రైతుకు వచ్చే పరిహారంలో కొంతభాగం ఆకాశం నుండి తీసిన అంకె మీద ఆధారపడుతున్నది. ఆ అంకె సరియైనదా, కాదా అని అడగగలిగేవారు ఊరిలో ఒక్కరైనా ఉండవద్దా?

ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొంటుంది. కంటికి కనబడని పరారుణ కాంతిని అధికంగా వెనుకకు పంపుతుంది. ఈ రెండింటి వ్యత్యాసాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే పైరు ఏపును తెలిపే సూచిక వస్తుంది. మన తొమ్మిదవ తరగతి పిల్లలు చేయగల భిన్నమిది. ఐరోపావారి సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు సుమారు ఐదు రోజులకొకసారి ఒకే చోటిని చూస్తాయి. ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం. ఒక్కొక్క గడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గలది. అంటే ఎకరానికి దాదాపు 40 గడులు. ఇక్కడే చిక్కు ఉన్నది. పది సెంట్ల మడిలో, గట్టు మీది చెట్టూ పక్కవాని చేనూ అదే గడిలో కలిసిపోయినప్పుడు వచ్చే అంకె ఎవరిది? వర్షాకాలంలో మబ్బు కమ్మినప్పుడు చూపేమవుతుంది? ఇటువంటి ప్రశ్నలు వేయడం నేర్పేదే నేను చెబుతున్న చదువు. యంత్రాన్ని మెచ్చుకోవడం నేర్పేది చదువు కాదు.

మన పొరుగున కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో జరిగిన ప్రయోగాన్ని కూడ చెప్పాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ, మైక్రోసాఫ్ట్ సంస్థ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తనం ఎప్పుడు వేయాలో సెల్‌ఫోనుకు తెలుగులో సందేశాలు పంపాయి. 30 ఏండ్ల వాతావరణ వివరాలను పరిశీలించి, ఆనవాయితీగా జూన్ మొదట్లో వేసే విత్తనాన్ని ఆ నెల చివరి వారం దాకా ఆపమన్నారు. ఆగినవారికి ఎకరం దిగుబడి ఇతరులకంటే సగటున 30 శాతం అధికంగా వచ్చిందని ప్రకటించారు. వినడానికి ఎంతో సంతోషంగా ఉన్నది. కాని అది ఒక్క ఏడాది, ఒక్క పంట, ఒక్క మండలం. మరి నాలుగేండ్ల లెక్క చూడనిదే తీర్పు చెప్పరాదని గణాంకశాస్త్రం బోధిస్తుంది. మా తాతగారి తరం రైతులు కార్తెల మీద ఆధారపడినప్పుడు కూడ అనేక సంవత్సరాల అనుభవాన్నే తూచారు. రాసిపెట్టుకోలేదు, అంతే తేడా.

వేలరూపాయల పరికరాలే కావాలనుకోవడం పొరపాటు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి ఒకటి ఉన్నది. 30 సెంటీమీటర్ల గొట్టానికి కింది సగం చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగం మడిలో పాతాలి. లోపలి నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయినప్పుడే మళ్లీ నీరు కట్టాలి. పూతదశలో మాత్రం మడిని ఎండనీయరాదు. ఒక గొట్టం, ఒక స్కేలు, ఒక నోటు పుస్తకం చాలు. ఈ పద్ధతిలో 30 శాతం వరకు నీరు ఆదా కాగలదని ఆ సంస్థ చెబుతుంది. మన ఆయకట్టులో దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. మొదట 133 టి.ఎం.సి.ల నిల్వకు కట్టిన తుంగభద్ర జలాశయంలో పూడిక పేరుకొని, 2016 సర్వే ప్రకారం సామర్థ్యం 105.788 టి.ఎం.సి.లకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయిన నాడు ఈ జిల్లాలో నిద్రపోయిన రైతు ఉండడు. ఇక కాలువ మొదట్లో నీరెక్కువై చౌడు తేలుతుంటే, చివరి భూములకు తడి అందదు. భూమి లవణతను కొలిచే విద్యుద్వాహకత మీటరుకు నాలుగు డెసీసీమెన్లు దాటితే దానిని చౌడుగా లెక్కిస్తారు. మన ఊళ్లలో చౌడును నాలుకతో రుచిచూసి చెప్పే వృద్ధులు ఉండేవారు. వారి తీర్పును తక్కువచేయను. కాని గంగావతి పరిశోధన కేంద్రంలో చౌడు భూముల మీద జరిగే పనిని వారి మనుమలు చదివి అర్థం చేసుకోవడం అవసరం.

ఇక చదువు వివరాలు. మన ప్రాంతమంతా 2009లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోనిది. అక్కడ నాలుగేండ్ల వ్యవసాయ పట్టభద్ర విద్యతోపాటు వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల కూడ ఉన్నది. మొదటిదానికి జీవశాస్త్రం, రెండవదానికి గణితం ప్రధానం. అందుచేత పి.యు.సి.లో భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాలు నాలుగూ తీసుకున్నవారికి రెండు ద్వారాలూ తెరిచి ఉంటాయి. పదవ తరగతి తరువాత ఈ ఎంపికలో తొందరపడి తరువాత నా వద్దకు వచ్చి విచారించే తల్లిదండ్రులు ప్రతి సంవత్సరమూ ఉన్నారు. వ్యవసాయ పట్టభద్ర పాఠ్యప్రణాళికలో గణాంకశాస్త్రం, వ్యవసాయ సమాచార విజ్ఞానం, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా సాగే సేద్యం ఇప్పటికే పాఠ్యాంశాలు. చివరి సంవత్సరంలో పల్లెలో ఉండి రైతులతో పనిచేయవలసిన కాలం కూడ ఉన్నది. నా ఉద్దేశంలో ఆ నెలలే ఆ చదువుకు ప్రాణం. "స్మార్ట్" అనే పేరు తగిలించి భారీ రుసుములు వసూలు చేసే కోర్సుల ప్రకటనలు కూడ కనిపిస్తున్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉన్నదా, పొలం ఎంత ఉన్నది, ప్రయోగశాలలో మట్టిని ఎవరు పరీక్షిస్తారు అని అడిగిన పిమ్మటనే డబ్బు కట్టండి.

రైతుబిడ్డలకు ప్రత్యేకించిన సీట్లకు ప్రయోగ పరీక్ష ఉంటుంది. విత్తనాలను, ఎరువులను, కలుపు మొక్కలను, పనిముట్లను చూపి గుర్తించమంటారు. మన పిల్లలకు ఇది కొట్టినపిండి కావాలి. ఊదను, తుంగను, గరికను, వయ్యారిభామను గుర్తించని పిల్లవాడు మన తరగతులలో అరుదు. కాని ప్రవేశ పరీక్షలు కన్నడంలోనో, ఆంగ్లంలోనో ఉంటాయి. తెలుగులో తెలిసిన విషయం పేరు తెలియక అక్కరకు రాకపోవడం ఎంత అన్యాయం! అందుకే ఎనిమిదవ తరగతి నుండి ప్రతి మొక్కకు, ప్రతి పరికరానికి తెలుగు, కన్నడ, ఆంగ్ల నామాలు, శాస్త్రీయ నామం రాసే పుస్తకం ఒకటి పెట్టించదలచాము. ఊదకు ఎకినోక్లోవా, తుంగకు సైపరస్, గరికకు సైనోడాన్, వయ్యారిభామకు పార్థీనియం. తెలుగు మాధ్యమం వల్ల పిల్లలు వెనుకబడతారనేవారికి నా సమాధానం ఈ పుస్తకం.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. "పొలాల వెంట తిరిగే ఉద్యోగం అమ్మాయికెందుకమ్మా?" అని నన్ను అడిగేవారున్నారు. నాట్లు వేసేది, కలుపు తీసేది, మిరపకాయ కోసేది ఎవరు? అప్పుడు లేని అభ్యంతరం జీతమూ అధికారమూ వచ్చే పనికి ఎందుకు? 15,000 మహిళా స్వయంసహాయక సంఘాలకు డ్రోన్లు సమకూర్చే పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. డ్రోను నడిపే ధ్రువపత్రానికి 18 ఏండ్ల వయస్సు, పదవ తరగతి ఉత్తీర్ణత, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ కావాలి. మన బాలికలకు మొదటి రెండింటికీ లోటు లేదు.

ఒక విషయం నన్ను కలవరపెడుతున్నది. పహణీలు కంప్యూటరుకెక్కాయి, రైతుకు గుర్తింపు సంఖ్య వచ్చింది, పంట వివరాలు ఫోనులోనే నమోదవుతున్నాయి. మంచిదే. కాని పహణీలో పేరులేని కౌలురైతు ఈ లెక్కలో ఎక్కడున్నాడు? మన విద్యార్థులలో కౌలుదారుల బిడ్డలు తక్కువేమీ కారు. పొలం దున్నేవానిని చూడలేని పట్టిక ఎంత మెరుగైనదైనా అసంపూర్ణమే. ఆ పట్టికను తయారుచేసే గదిలో కౌలురైతు కూతురు కూర్చుంటే ఈ ప్రశ్న మొదటి రోజే పుడుతుంది. అటువంటి అమ్మాయిని ఆ గదికి పంపగలగడం ఈ పాఠశాలకు పెద్ద కార్యమని నేను భావిస్తున్నాను.

ఈ ఏడు పాఠశాల తోటలో రెండు చిన్న మళ్లు సిద్ధం చేస్తున్నాము. ఒకదానిలో గొట్టం పాతి నీరు కడతాము. రెండవదానిలో అలవాటు చొప్పున కడతాము. తొమ్మిదవ తరగతివారు ప్రతిరోజు ఉదయం కొలత రాస్తారు. పూర్వవిద్యార్థులలో వ్యవసాయశాఖలోనో, బ్యాంకులలోనో, విశ్వవిద్యాలయాలలోనో ఉన్నవారు నెలకొక శనివారం వచ్చి ఆ పుస్తకం తిరగేసి, తప్పులు దిద్ది వెళ్లవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పదవ తరగతి తల్లిదండ్రులు పి.యు.సి. విషయాల ఎంపికకు ముందు ఒకసారి కార్యాలయానికి రండి. ఆ ఏటి ప్రవేశ ప్రకటన, రైతుకోటాకు కావలసిన పత్రాల జాబితా అక్కడ ఉంచుతాము.