డిగ్రీ చదువులో శాస్త్రముల పొత్తు



పదవ తరగతి గట్టెక్కిన పిల్లవానిని మన యిండ్లలో మొదట అడుగు ప్రశ్న యొక్కటే: "ఏ గ్రూపు?" ఎం.పి.సి.యా, బైపిసియా, సి.ఇ.సి.యా? పదునాఱేండ్ల వయసున ఏదో యొకదానిని పట్టుకొనినవాడు తక్కిన విద్యలకు నాటితో నీళ్లు వదలవలసినదే. గణితము తీసికొనినవానికి చరిత్ర లేదు. చరిత్ర తీసికొనినవానికి జీవశాస్త్రము లేదు. ఈ విభాగము పిల్లల బుద్ధిని చూచి చేసినది కాదు. టైంటేబిలును, అధ్యాపకుల లెక్కను చూచి చేసినదని నా యభిప్రాయము.

దీని ఫలితమును చూడగోరువారు దిల్‌సుఖ్‌నగర్ పోవచ్చును. బస్సు డిపో మొదలుకొని చైతన్యపురి వఱకు మెట్రో వంతెనకు ఇరుప్రక్కల కోచింగ్ కేంద్రముల బోర్డులు. వాని వెనుక సందులలో హాస్టళ్లు. నల్లగొండ, దేవరకొండ ప్రాంతములనుండి వచ్చిన యువకులు అచట దినమంతయు చదువుచుందురు. వారిలో ఇంజనీరింగు పట్టభద్రులును కలరు. వారు చదువునదేమి? గ్రూప్-2 పరీక్షకు ప్రశ్నపత్రములు 4, ఒక్కొక్కదానికి మార్కులు 150. అందు చరిత్ర కలదు, రాజ్యాంగము కలదు, ఆర్థికశాస్త్రము కలదు, విజ్ఞానశాస్త్రమును భూగోళమును కలవు. అనగా పదునాఱవయేట మనము విడదీసినవానిని ఇరువదియైదవయేట ఆ పిల్లవాడు తండ్రి సొమ్ముతో, అద్దెగదిలో, మరల కుట్టుకొనుచున్నాడు. కుట్టుకొనుచున్నాడంటిని గాని, నిజమునకు ఒకదాని ప్రక్క నొకటి పేర్చుకొనుచున్నాడు. కాకతీయుల చెరువులు చరిత్ర నోటుపుస్తకములో నుండును. భూగర్భజలములు పర్యావరణపు నోటుపుస్తకములో నుండును. రెండును ఒకే నీరని చెప్పుటకు ఆ తొందరలో ఎవరికిని తీరిక లేదు. కోచింగ్ వారిని నేను నిందింపను. వారిని అడిగినది మార్కులు, వారిచ్చునదియు మార్కులే. ఈ పని జరుగవలసిన చోటు డిగ్రీ కళాశాల.

లిబరల్ ఆర్ట్స్ అనగనే చిత్రలేఖనము కాబోలునని తలచువారు కలరు. మధ్యయుగముల యూరపులో ఆ పేరు గల విద్యలు ఏడు: వ్యాకరణము, తర్కము, వక్తృత్వము, అంకగణితము, రేఖాగణితము, సంగీతము, ఖగోళము. గణితము లేని ఉదారవిద్యను వారెఱుగరు. మనవారును ఎఱుగరు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన గణితశాస్త్రమును తెలుగు పద్యములలో వ్రాసెను; అతనిని కవుల వరుసలో కూర్చుండబెట్టవలెనా, గణితజ్ఞుల వరుసలోనా యని నాడెవరును తగవు పడియుండరు. వ్యాకరణ తర్కములు తక్కిన శాస్త్రములకెల్ల చేతికఱ్ఱలని మా గురువులు చెప్పెడివారు. 1910లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో పుస్తకవిద్యతోపాటు చేతిపనులును చిత్రలేఖనమును నేర్పిరి. అడివి బాపిరాజుగారు చిత్రకళ నభ్యసించినది అచటనే. న్యాయశాస్త్రము చదివి, నవలలు వ్రాసి, బొమ్మలు వేసిన మనిషి యాయన.

2020 నాటి జాతీయ విద్యావిధానము డిగ్రీలో బహుశాస్త్రముల కలయికను కోరినది. కోరుట మంచిదే. కాని 2016 నుండి తెలంగాణమున నడచుచున్న దోస్త్ దరఖాస్తులో మూడు విషయములకు ఎదుట టిక్కు పెట్టినంతమాత్రమున పొత్తు కుదరదు. మూడు గదులలో మూడు పాఠములు విన్న పిల్లవాని తలలో ఆ మూడును అపరిచితములుగనే యుండును. వానిని కలుపునది ప్రశ్న. ఒక్క శాస్త్రమునకు లొంగని ప్రశ్న కావలెను.

అట్టి ప్రశ్న ఎచటనో లేదు. చైతన్యపురి దగ్గఱ మూసీ యొడ్డున నరసింహస్వామి గుడియున్న గుట్టపై ఒక శిలాశాసనము కలదు. విష్ణుకుండినుల నాటిది, ప్రాకృతభాష, బ్రాహ్మీలిపి. గోవిందరాజవిహారమను బౌద్ధవిహారమును పేర్కొనుచున్నది. ఇంచుమించు 1500 ఏండ్ల క్రిందటి మాట. దీనిని చదువుటకు లిపి తెలియవలెను. ప్రాకృత మేల, సంస్కృత మేల కాదనుటకు భాషయు మతమును తెలియవలెను. భిక్షువులకు అన్న మెవరు పెట్టిరనుటకు ఆర్థికశాస్త్రము, ఆ ఱాయి ఇన్నాళ్లెట్లు నిలిచెననుటకు భూగర్భశాస్త్రము. ఇంత విద్య ఊరకే పడియుండగా, దాని క్రింది వీధులలో పిల్లలు విష్ణుకుండినుల రాజుల పేర్లు వరుసగా వల్లెవేయుచున్నారు!

శాసనము పాతసరకు అందురేని సరూర్‌నగర్ చెరువును చూడుడు. 2020 అక్టోబరు వానలకు దాని దిగువ కాలనీలు నీట మునిగినవి. నీటిపారుదల యెఱిగినవాడు వాలు చెప్పును. ఆ కాలువ నెవరు పూడ్చిరో రెవెన్యూ రికార్డు చెప్పును. ముంపున్నచోటనే బీదవాడు ఇల్లేల కట్టుకొనెనో సమాజశాస్త్రము చెప్పవలెను. వీరు మువ్వురు ఒకచోట కూర్చుండనంతకాలము ఆ నీరు అచటికే వచ్చును.

ఇట్లయిన అన్నిటను కొంచెము కొంచెమై, దేనియందును లోతు లేకపోవునని తల్లిదండ్రుల భయము. అది న్యాయమైన భయము. ఒక శాస్త్రమునందు గట్టి పునాది లేనివాడు రెండవదానిలో అతిథియే. అందుచేత ఒకటి ప్రధానముగ నుండవలెను, తక్కినవి దాని చుట్టును తిరుగవలెను. ఉద్యోగపు మాట యందురా? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట నిజాము ప్రభుత్వము పిలిపించిన విశ్వేశ్వరయ్యగారు ఇంజనీరగుటకు ముందు బి.ఏ. చదివినవారు. బి.ఏ. వలననే ఆయన అంతవాడయ్యెనని నేననను. అది ఆయనకు అడ్డు రాలేదని మాత్రము అందును.

రానున్న జూనులో దరఖాస్తు నింపువారు కళాశాల భవనమును, బస్సును చూచి మరలవలదు. ఇరువురు అధ్యాపకులు, వేర్వేఱు శాఖలవారు, కలిసి చెప్పు పాఠ మేదైన కలదా? మూడవయేట విద్యార్థి తానై వ్రాయు పరిశీలన యేదైన కలదా? ఈ రెండును అడుగుడు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బి నగర్ కళాశాలల వారినైనచో ఇంకొకటియు అడుగవచ్చును: చైతన్యపురి గుట్టకు మీ పిల్లలను తీసికొనిపోయితిరా? పోవలెననిన ఆటో చార్జీకి మించి ఖర్చు లేదు.