హంసలదీవి వెళితే ఏం చూస్తారు?



మాఘమాసం వచ్చిందంటే మన ఇళ్లలో సముద్రస్నానం మాట వస్తుంది. మాఘ పౌర్ణమికి వేలమంది చేరే చోట్లలో ఒకటి కృష్ణాజిల్లా కోడూరు మండలంలోని హంసలదీవి. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. దివి అంటే లంకే కదా! ఆ లంక కొసన ఉన్న చిన్న పల్లె ఇది.

పాపాత్ములంతా మునిగి మునిగి గంగమ్మ నల్లబడిపోయిందట. కాకి రూపంతో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సాగరంలో కలిసే ఈ చోట మునగగానే తెల్లని హంస అయిందట. ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, కోడి కూసేసరికి గాలిగోపురం సగంలో ఆగిపోయిందనీ పెద్దలు చెబుతారు.

గుడి చూస్తాం, పాలకాయతిప్ప దగ్గర మునుగుతాం, పులిహోర పొట్లాలు విప్పుకు తిని బస్సెక్కేస్తాం. అంతేనా చూడవలసింది?

1977 నవంబరు 19, శనివారం. తుఫానుతోపాటు ఉప్పెన లేచి దివిసీమ మీద పడింది. సొర్లగొంది వంటి పల్లెలు కొట్టుకుపోయాయి. కోస్తాలో ప్రభుత్వం లెక్కకట్టినవారే దాదాపు 10,000 మంది. పల్లపు నేల, పూరిపాక. పరుగెత్తడానికి మెరక ఎక్కడిది?

అందుకే ఈసారి మరి రెండు చూడండి. ఒకటి, ఈ తీరంలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుఫాను ఆశ్రయ భవనాలు. నీరు కిందనుంచి పోతే మనుషులు పైన నిలుస్తారు. రెండోది మడ అడవి. ఉప్పుబురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకువచ్చే వేళ్లతో గాలి పీల్చుకునే చెట్లవి. అలల జోరు తగ్గిస్తాయి, మట్టిని పట్టి ఉంచుతాయి. రొయ్యపిల్లా, పీతపిల్లా పెరిగేది ఆ వేళ్ల మధ్యనే. వంటచెరకు కోసం కొన్ని, రొయ్యల చెరువుల కోసం కొన్ని నరికేశారు. ఉన్నవాటినైనా నిలుపుకోవాలి.

వాటిని మీ పిల్లలకు దగ్గరుండి చూపించండి. కొమ్మ విరవనివ్వకండి, ప్లాస్టిక్ సంచులు ఒడ్డున పారేయకండి. నదీ సముద్రమూ కలిసేచోట లాగుడు ఎక్కువ. నలుగురూ మునిగేచోటే, మోకాలి లోతులోనే స్నానం కానివ్వండి.

మనకది ఒక్కరోజు పుణ్యం. అక్కడి ఆడవాళ్లకు ఆ చెట్లూ ఆ భవనమూ ఏడాది పొడుగునా ధైర్యం. గుడికి దణ్ణం పెట్టుకున్న చేతులతోనే వాటికీ ఓ దణ్ణం పెట్టండి.