కోడెదూడది పొగరా? భయమా?
(రైతు కుటుంబాల సమావేశం కోసం రాసిన ప్రసంగం)



సంక్రాంతి వస్తోందంటే మన కృష్ణా డెల్టాలో పశువుల సందడే సందడి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. ఎడ్ల పందేలే కాదు, పశు ప్రదర్శనలూ పెడుతుంటారు. ప్రదర్శనలో బండ లాగే పని ఉండదు. పశువును బరిలో నడిపించాలి. కదలకుండా నిలబెట్టాలి. డాక్టర్లు దాని ఎత్తు, నడక, పళ్లు, మూపురం చూస్తారు. బాగున్నదానికి బహుమతి ఇస్తారు.

ఈ మాటలు బహుమతి గురించి కాదు. బరిలో బెదిరిపోయే కోడెదూడ గురించి.

ఉయ్యూరు దగ్గర ఒక ఊరు అనుకుందాం. అక్కడ ఒక రైతు కుటుంబం. వాళ్లకు ఏడాదిన్నర కోడెదూడ ఉంది. ఇంటి దగ్గర అది చాలా సాధువు. ఇల్లాలు పిలిస్తే మోర ఎత్తి చూస్తుంది. దాన్ని ప్రదర్శనకు తీసుకెళ్లారు. మైకు మోగింది. డప్పులు మోగాయి. పక్కనే ఎవరో టక్కున గొడుగు తెరిచారు. అంతే! దూడ తాడు తెంపుకుని జనంలోకి దూకింది. ఒక ముసలాయన కింద పడ్డాడు. చెయ్యి విరిగింది. నలుగురిలో రైతుకు తలవంపు అయింది. కర్ర తీసుకుని దూడను బాదాడు. "దీనికి పొగరు" అన్నాడు.

నిజంగా అది పొగరా? కాదు. భయం.

పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ చాలా మేర కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనక మాత్రం కనిపించదు. అందుకే వెనక నుంచి వస్తే ఉలిక్కిపడి తన్నుతుంది. నేల మీద నీడ పడినా గొయ్యి అనుకుని ఆగిపోతుంది. కీచుమనే చప్పుళ్లు మనకన్నా దానికే బాగా వినిపిస్తాయి. మైకు మనకు సంబరం. దానికి ప్రాణభయం. గుర్రప్పిల్లదీ ఇదే గుణం.

ఒకసారి బెదిరిన పశువు కుదుటపడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో కొడితే అది ఏం నేర్చుకుంటుంది? బరి అంటే దెబ్బలు అని నేర్చుకుంటుంది.

మరి ఏం చేయాలి? రెండు మూడు నెలల ముందు నుంచే ఇంటి దగ్గర మచ్చిక చేయాలి.

మొదటిది, చెయ్యి అలవాటు. రోజూ ఒకే వేళకు ఒళ్లు రుద్దాలి. మెడ కింద గంగడోలు నిమరాలి. అక్కడ నిమిరితే పశువు మెడ చాచి హాయిగా నిలబడుతుంది. కాళ్లు, చెవులు తాకాలి. పెదవి ఎత్తి పళ్లు చూడాలి. రేపు డాక్టరు చేసేదీ అదే కదా!

రెండోది, తాడు అలవాటు. గుంజి లాగకూడదు. దూడ ఒక్క అడుగు వేయగానే తాడు వదులు చేయాలి. ఆ వదులే దానికి బహుమతి. రోజుకు పావుగంట చాలు. తాడును చేతికి చుట్టుకోవద్దు. దూడ పరుగెత్తితే మనిషిని ఈడ్చుకుపోతుంది.

మూడోది, చప్పుడు అలవాటు. మేత వేసినప్పుడు దూరంగా రేడియో పెట్టాలి. రోజూ కొంచెం దగ్గరికి జరపాలి. కాలవ గట్టు మీద నడిపించాలి. తరవాత బందరు రోడ్డుకు ఎడంగా నిలబెట్టి బస్సుల హారన్లు వినిపించాలి. దూడ చెవులు నిక్కబొడిచిందా? కళ్లలో తెల్లగుడ్డు కనిపించిందా? బుస కొట్టిందా? ఆ పూటకు చాలు. వెనక్కి రావాలి. నెమరు వేస్తూ నిలబడిందా? భయం పోయినట్టే.

నాలుగోది, తోడు. ఒంటరి పశువుకు భయం ఎక్కువ. జనానికి అలవాటుపడిన ఎద్దును పక్కన ఉంచితే దూడకు ధైర్యం.

ప్రదర్శన రోజు పొద్దున్నే చేరుకోవాలి. నీడ, నీళ్లు, అలవాటైన వరిగడ్డి ఉండాలి. తోక మెలిపెట్టొద్దు. సారా గానీ, మత్తుమందు గానీ పోయొద్దు. పశువును కొట్టి హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. దూడ బెదిరితే బరి నుంచి మెల్లగా బయటికి తేవాలి. బహుమతి పోతే పోనీ. మనిషికి దెబ్బ తగలకూడదు, పశువుకూ తగలకూడదు.

మన ఒంగోలు జాతి 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ దేశం చేరింది. అక్కడ దాన్ని నెలోర్ అంటారు. అది మన నెల్లూరు పేరే. ఆ దేశంలోనూ దూడను ముందు తాడుకు మచ్చిక చేశాకే బరిలోకి తెస్తారు.

ఇక అసలు మాట. ఆ రైతు ఇంట్లో కుడితి పెట్టేది ఎవరు? గడ్డి వేసేది, పేడ ఎత్తేది ఎవరు? ఇల్లాలు. దూడకు తెలిసిన గొంతు ఆవిడది. మరి ఆ రోజు బరిలో తాడు పట్టింది ఎవరు? ఇంటాయన. "ఆడవాళ్లు బరిలోకి ఏమిటి?" అన్నారు. ఆ పట్టింపు మనుషులది. దూడకు కావలసింది తెలిసిన చెయ్యి.

మరుసటి ఏడు ఆవిడే తాడు పట్టింది. రెండో పక్క తాడు ఇంటాయన పట్టాడు. అంతకుముందు మూడు నెలలూ ఆవిడ రాత్రి బడిలో నేర్చిన అక్షరాలతో క్యాలెండరు మీద రాసుకుంది. "ఇవాళ ఇంటి ముందు నడిచింది." "ఇవాళ హారనుకు బెదిరింది." "ఇవాళ బెదరలేదు."

బహుమతి వాళ్లకు రాలేదు. పక్క ఊరి దూడకు వచ్చింది. వీళ్ల దూడ మాత్రం మైకు కింద నెమరు వేస్తూ నిలబడింది. పోయిన ఏడు చెయ్యి విరిగిన ముసలాయన చూడటానికి వచ్చాడు. కాసేపు దూరంగా నిలబడ్డాడు. తరవాత దగ్గరికి వచ్చి దాని గంగడోలు నిమిరాడు.

మీ ఇంట్లో దూడ ఉందా? రేపటి నుంచే మొదలుపెట్టండి. ఏ రోజు ఏం చేశారో రాసుకోండి.