బాపు విన్న ఒగ్గుకథ

(చెన్నూరులో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఒగ్గుకథ మీద నాలుగు ముచ్చట్లు చెప్పుమన్నరు. అంతకన్న ముందు మేము చేసిన తప్పొకటి ఒప్పుకోవాలె.

మేము ఈ చెన్నూరుల, గోదావరి ఒడ్డున పెరిగినోళ్లం. మా బాపుకు ఒగ్గుకథంటే పాణం. ఇంట్ల టేప్‌రికార్డరుంటే అందుల మల్లన్న కథ, ఎల్లమ్మ కథ క్యాసెట్లే. ఎక్కడన్న కథ పెట్టిండ్రంటే గొంగడి భుజానేసుకొని పోయి తెల్లారినంక వచ్చేటోడు. మేము కాలేజీ చదువులకొచ్చినంక ఆ క్యాసెట్ వినబడితే సిగ్గయ్యేది. దోస్తులు ఇంటికొస్తే ఉరికిపోయి టేపు బంజేసేటోళ్లం. బాపు ఏమనకపోతుండె. అరుగు మీద కూసోని బీడీ ముట్టిచ్చుకునేటోడు.

ఆ సిగ్గు మాకు పుట్టుకతోని రాలే. సినిమాలల్ల మన యాసను రౌడీకి, జోకరుకు పెట్టిండ్రు. మేము చదివిన పుస్తకాలల్ల మన పాట కనబడలే. రేడియోల వచ్చేదే సంగీతమని, మనది గొర్లు కాసేటోళ్ల చప్పుడని నమ్మినం. యాసను ఎవరన్న ఎక్కిరిస్తే కోపమొచ్చేది. పాటను మాత్రం మేమే ఎక్కిరిచ్చినం.

కండ్లు తెరిపిచ్చింది ఉద్యమం. 2002లో కామారెడ్డిల ధూంధాం మొదలైనంక ఊరూరా డోలు మోగింది. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణి కార్మికులు, టీచర్లు, ఆర్టీసీ కార్మికులు పనులు బంజేసి బయటికొచ్చిండ్రు. ఆ దినాలల్ల ఒక దీక్షా శిబిరంల ఒగ్గు డోలు మోగంగనే మా కాళ్లు ఆగలే. ఆ దరువు మాకు తెలిసిందే, చిన్నప్పుడు నిద్రల విన్నదే. సంబురపడుతడని బాపును తోల్కపోయినం. ఆయన అంతా విని అన్న మాట: "చప్పుడు మంచిగున్నది బిడ్డా. కథేది?"

జవాబు లేకపాయె. ఆ ఏడే ఆయన పక్కన కూసోని మొదటిసారి మల్లన్న కథ మొత్తం విన్నం. అప్పుడు సమజైంది. ఒక్క మనిషే తువ్వాల నెత్తినేసుకుంటే మేడలమ్మ, తీసేస్తే మల్లన్న. గొల్ల కేతమ్మ వచ్చినంక సవతుల పంచాది మొదలైతది. వంతపాటోడు నడుమ అడ్డం ప్రశ్నలేస్తడు, జనం నవ్వుతరు. నవ్వినోళ్లే ఇంకో గడియకు కండ్లు తుడుచుకుంటరు. పాట, మాట, ఆట, డోలు, తాళాలు కలిసి రాత్రంత నడిచే పెద్ద విద్య అది. చదువు రాని మా బాపుకు అదే పురాణం, అదే నాటకం, అదే బడి.

ఉద్యమంల మనం దరువు తీసుకొని నినాదం పెట్టినం. అది అవసరమే, తప్పు లేదు. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. కని కథ చెప్పేటోళ్లు ఒక్కొక్కరే పోతున్నరు. హన్మాజీపేట మిద్దె రాములు 2010లోనే పోయిండు, రాష్ట్రాన్ని చూడలే. చుక్క సత్తయ్య 2017లో పోయిండు. వాళ్లకు పేరన్న మిగిలింది. పేరు లేకుంట పోయినోళ్లు ఎందరో!

అందుకే ఉద్యోగులకు ఒక మాట. మల్లన్న పట్నాలకు డీజే పెట్టే పైసలతోని ఒగ్గోళ్లను పిలువుండ్రి. కథ పూర్తిగ చెప్పనియ్యిండ్రి, అర్ధగంటల ముగియ్యమనకుండ్రి. విద్యార్థులకు ఇంకో మాట. మీ జేబుల ఫోనున్నది. ఊర్ల ముసలోళ్ల దగ్గర కూసోని, పాడినంత రికార్డు చెయ్యుండ్రి. పేరు, ఊరు రాసిపెట్టుండ్రి.

మా బాపు ఇప్పుడు లేడు. ఆయన క్యాసెట్లు రెండు మిగిలినయి, అండ్ల ఒకటి తెగింది. టేపు బంజేసిన చేతులు మావే. మీరు ఆ పని చెయ్యకుండ్రి.

జై తెలంగాణ!