అల్లుని పన్ను కాగితం, అమ్మాయి వీసా

విజయవాడలో ప్రవాసుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



మేము ప్రభుత్వ ఖజానా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన వారము. వోచరు లేని బిల్లు బల్ల దాటదని ఆ ఉద్యోగం మాకు నేర్పినది. ఆడపిల్ల కాపురం కూడా అట్లే ఒక కాగితం వద్ద ఆగిపోవునని మాత్రం సంఘసేవలోకి వచ్చిన తరువాతనే తెలిసినది.

కిందటేడు పెడన నుండి ఒక తండ్రి మా వద్దకు వచ్చినారు. కలంకారీ అద్దకంలో జీవితం గడిపిన మనిషి. కుమార్తెకు నికాహ్ జరిగి రెండేళ్లు దాటినది. అల్లుడు విజయవాడలో పుట్టి, చికాగోలో చదివి, అమెరికా పౌరసత్వం పొంది, ఐదేళ్లుగా జెద్దాలో ఇంజనీరుగా ఉన్నాడు. తిరిగి చికాగో చేరి, భార్యను అక్కడికి రప్పించుకొనవలెనని ఐ-130 దరఖాస్తు పెట్టినాడు. అది మంజూరైనది. తీరా ఇంటర్వ్యూకు వెళ్లిన అమ్మాయి చేతిలో 221(జి) కాగితం పెట్టి పంపినారు. భర్త ఆదాయపు పన్ను రిటర్నులు లేవు, తెమ్మన్నారు.

“సాబ్, సౌదీలో జీతానికి పన్నే లేదు కదా. లేని పన్నుకు కాగితం ఎక్కడి నుండి తెచ్చేది?” అని ఆ తండ్రి అడిగినారు.

ఆయన మాటలో తప్పు లేదు. గల్ఫ్‌తో సంబంధమున్న మన కుటుంబాలకు జీతం మీద పన్ను కట్టే అలవాటు లేదు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం ప్రవాసుల కుటుంబసభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము వేసి, ఏటా పెంచుతూ 2020 నాటికి 400 చేసినప్పుడు, భార్యాబిడ్డలను ఇంటికి పంపివేసిన వారున్నారు. మనకు తెలిసిన బరువు అదే.

అయితే అమెరికా చట్టం వేరు. ఆ దేశపు పౌరుడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా లెక్క అక్కడ చెప్పవలసినదే. పౌరసత్వాన్ని బట్టి ఈ విధంగా పన్ను అడిగే దేశాలు అమెరికా, ఎరిత్రియా తప్ప దాదాపు లేవు. విదేశంలో కష్టించి సంపాదించిన జీతంలో 2024 సంవత్సరానికి 1,26,500 డాలర్ల వరకు మినహాయింపు ఉన్నది. కాని రిటర్న్ వేసి, దానితో 2555 ఫారం జతచేసి కోరుకున్న వారికే ఆ మినహాయింపు. మన జెద్దా అల్లుడు కట్టవలసిన పన్ను సున్న. ఆ సున్నను కాగితం మీద చూపకపోవడమే అతని తప్పు. ఇంకొక సంగతి విని మేము కూడా నమ్మలేదు: విదేశీ భార్య ఉన్నవాడు “వివాహితుడు, విడిగా దాఖలు” అను పద్ధతిలో వేసినచో, ఏడాదికి ఐదు డాలర్ల ఆదాయమున్నా రిటర్న్ తప్పనిసరి. అక్షరాలా ఐదే. “ఇండియాలో వేశాను కదా” అంటే చెల్లదు, ఇక్కడి లెక్క ఇక్కడిది.

పన్నుకూ వీసాకూ ముడి ఎక్కడ పడినదంటే, ఐ-864 అను జామీను పత్రం వద్ద. భార్యను పిలుచుకొనేవాడు ఆమె పోషణకు తాను పూచీ అని అమెరికా ప్రభుత్వానికి రాసి ఇచ్చే పత్రమది. దానికి కడపటి సంవత్సరపు రిటర్న్ జతచేయవలెను. వేయవలసియుండి వేయనివాడు ఆలస్యంగానైనా వేసి జతచేయవలెను; వేయనక్కరలేనివాడు ఎందుకు అక్కరలేదో రాసి ఇవ్వవలెను. ఆదాయం అక్కడి పేదరికపు రేఖకు 125 శాతం ఉండవలెను. 2025లో ఇద్దరి కుటుంబానికి అది 26,437 డాలర్లు. జెద్దా జీతం ఎంత పెద్దదైనా, అమెరికా చేరిన తరువాత అదే చోటు నుండి వస్తుందని చూపలేకపోతే లెక్కకు రాదు. అప్పుడు అక్కడ నివసించే పౌరుడో, గ్రీన్‌కార్డు దారుడో రెండవ జామీనుగా నిలవవలెను. పెడన వారికి చికాగోలోని మేనమామ ఒప్పుకున్నారు. దానితో పని తీరినదనుకున్నారు. తీరలేదు. రెండవ జామీను ఉన్నా భర్త తన పత్రం, తన రిటర్న్ ఇచ్చి తీరవలెను.

ఈ జామీనును అమ్మాయి వైపు నుండి కూడా చూడండి. నికాహ్‌నామాలో మహర్ రాసుకొనే మనం, ఆమెకు ఇంత బలమిచ్చే ఈ రెండవ పత్రాన్ని చదవనే చదవము. ఆమె అక్కడి పౌరురాలగునంత వరకు, లేదా సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు ఆమె ఖాతాలో చేరునంత వరకు, భర్త పూచీ నిలిచి ఉండును. ఆమె దేశం విడిచిపోయినా, ఎవరైనా మరణించినా తీరును గాని తలాక్‌తో తీరదు. భర్త పోషించకపోతే ఆమె కోర్టుకు వెళ్లవచ్చును. భార్య ఉద్యోగం వెతుక్కోలేదన్న సాకుతో భర్త ఈ పూచీ తప్పించుకొనజాలడని 2012లో చికాగోలోని ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది. విడాకుల కేసులతో మా వద్దకు వచ్చే తల్లిదండ్రులలో ఈ హక్కు ఎరిగినవారు మాకు ఇంతవరకు కనబడలేదు.

బ్యాంకు ఖాతాల మాట కూడా ఉన్నది. అమెరికా వెలుపలి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటినచో ఎఫ్‌బార్ అను నివేదిక వేరుగా పంపవలెను. తండ్రితో ఉమ్మడిగా విజయవాడలో తెరిచిన ఖాతా కూడా అందులోనిదే. తెలియక మానినవారికి ఒక దారి ఉన్నది: మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు, కావాలని చేయలేదన్న వాంగ్మూలం. విదేశంలో ఉంటూ అర్హులైనవారికి జరిమానా కూడా ఉండదు. మన అల్లుడు ఈ దారినే నడిచినాడు. అబద్ధపు వాంగ్మూలం మాత్రం ఎవరూ ఇవ్వరాదు. సలహాకు అమెరికా పన్ను తెలిసిన లెక్కల నిపుణుని వద్దకే పోవలెను, వీసా ఏజెంటు వద్దకు కాదు. “రిటర్న్ అక్కరలేదు” అని ఈ కుటుంబానికి మొదట చెప్పినది ఒక ఏజెంటే.

గ్రీన్‌కార్డు ఉన్న అల్లుళ్లకూ ఇదే బాధ్యత; హెచ్-1బి వారి భార్యలకు ఈ జామీను పత్రం లేదు. బ్రిటన్‌లో లెక్క మరొకటి, 2024 ఏప్రిల్ నుండి కొత్తగా పిలుచుకొనేవారికి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపవలెను.

కాబట్టి పెద్దలకు మా మనవి. అబ్బాయి జీతమెంత, ఇల్లెక్కడ అని అడగడానికి మనకు మొహమాటం లేదు. కిందటేటి రిటర్న్ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా చూపమని నికాహ్‌కు ముందే అడగండి. పన్ను శాఖ దానిని రుసుము లేకుండా ఇస్తుంది. అబ్బాయి గల్ఫ్‌లో ఉన్న అమెరికా పౌరుడైతే తప్పక అడగండి. అడిగినందుకు కోపగించే సంబంధం గురించి మీరే ఆలోచించుకోండి.

పెడన అమ్మాయి ఈ రెండేళ్లూ ఊరి బడిలో లెక్కలు చెబుతున్నది. భర్త మూడేళ్ల రిటర్నులు వేసిన తరువాత, మేనమామ పత్రంతో కలిపి ఫైలు మళ్లీ కాన్సులేట్‌కు పోయినది. పిలుపు ఇంకా రాలేదు.